ఫోటోలో ఎత్తిన చెయ్యి

అప్పలాచారి మాస్టారిని ఎవరు ఏది అడిగినా, ఆయన నోరు తెరవకముందే అరచెయ్యి చాపేవారు. అడిగినవాడు ఆ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. వేసిన బొమ్మో, కుట్టిన చొక్కానో, పెళ్ళికొడుకు ఫోటోనో. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. వస్తువు చూడందే ఆయనకి మాట రాదు. ఆ చూడడం కూడా మహా నిదానం. కంటికి శుక్లం తీయించుకున్నాక అది మరీ ముదిరింది. ఆయన చూస్తూ ఉండగానే, తెచ్చినవాడికి తన తప్పు తనకే కనబడిపోయి, చెప్పించుకోకుండానే లేచి చక్కాపోయిన సందర్భాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి.

అలా లేచిపోయినవాళ్ళలో అగ్రగణ్యుడు తవిటినాయుడు. చిన్నప్పుడు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకోబోయి, ఏనుగు వేస్తే సోఫా అనిపించుకున్నాడు. చెయ్యి తిరగలేదు గాని గురువు మీద గురి కుదిరింది. ఇప్పుడు బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతూ, తొమ్మిదో తరగతికి క్లాస్ టీచరుగా ఉన్నాడు. కంప్యూటరు ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకున్నాడు. ఆ విద్య బయటపడ్డ రోజే తన కొంప మునిగిందని అతనే చెబుతుంటాడు. బళ్ళో ఎవరి ఫోను మొరాయించినా అతని ఒళ్ళోకే వచ్చి పడుతుంది. పిల్లల హాజరు ఫోటో, మధ్యాహ్న భోజనం ఫోటో, కడిగిన మరుగుదొడ్డి ఫోటో, అన్నీ అతనే తీసి పైకి పంపాలి. పాఠం చెప్పినట్టు ఫోటో ఉంటే చాలు గనక, తీరిక దొరికినప్పుడు పాఠం కూడా చెబుతాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను గురువుగారి అరుగు మీద కూలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మాస్టారూ, ఈ పిల్లల చేత ఫోను కింద పెట్టించడం ఎలాగండి? నాకు భయమేస్తోంది. వెనక బెంచీలో ఒకడు నిద్రపోతుంటే చూశాను. నిద్రలో కూడా వాడి బొటనవేలు కదుల్తోందండి, ఏదో పైకి తోస్తున్నట్టు. తిట్టాను, బతిమాలాను. వాళ్ళలో కలిసిపోతే మాట వింటారేమోనని వాళ్ళ గ్రూపులో నేనూ స్టిక్కర్లు పెట్టాను. బుగ్గలో గుడ్డు కుక్కుకుని కళ్ళు తేలేసే స్టిక్కరొకటి ఉందిలెండి, 'ఇంకో గుడ్డు' అని. మండలమంతా అదే నడుస్తోంది. అదీ పంపాను. నవ్వారు. ఫోను మాత్రం దింపలేదు. బుధవారం 'ఫోనును బాధ్యతగా వాడదాం' అని సదస్సు పెట్టి గంటసేపు గొంతు చించుకున్నాను. అది అవగానే ఏం చేశారో తెలుసాండి? ఎదురుగా సైకిల్ షాపులో దాచుకున్న ఫోన్లన్నీ తీసుకుని, నేను పెట్టిన సదస్సు ఫోటోల్లో తాము పడ్డామో లేదో వెతుక్కుంటున్నారు."

మాస్టారు అరచెయ్యి చాపారు.

తవిటినాయుడి దగ్గర అందులో పెట్టడానికి ఫోను తప్ప ఏముంది? సదస్సు ఫోటోలు తీసి, ఆ చేతిలో పెట్టాడు. "ఒక చేత్తో మైకు, ఒక చేత్తో ఫోను. మాట్లాడుతూనే తీశానండి. బ్యానరు ఎంత స్పష్టంగా వచ్చిందో చూడండి. కింద ఊరు, తేదీ, టైము కూడా పడ్డాయి," అన్నాడు, దిగుల్లో కూడా కొంచెం గొప్ప పోతూ.

మాస్టారు బ్యానరు చూడలేదు. మొదటి ఫోటో దగ్గరే ఆగిపోయారు. తర్వాత రెండోది. తర్వాత మళ్ళీ మొదటిది. తవిటినాయుడికి చిన్నప్పటి ఏనుగు గుర్తొచ్చి, అరుగు మీద కాస్త పక్కకి జరిగాడు.

"ఈ పిల్లెవరు?"

"ఏ పిల్లండీ?"

మూడో వరసలో, గోడ పక్కన ఒక పిల్ల చెయ్యెత్తి ఉంది. తర్వాతి ఫోటోలోనూ ఎత్తే ఉంది. ఆ తర్వాతిదాంట్లో నొప్పి పుట్టినట్టుంది, కుడిచేతి మోచెయ్యి కింద ఎడమచెయ్యి ఆసరా పెట్టుకుంది. చెయ్యి మాత్రం దింపలేదు. ఆఖరిది గ్రూపు ఫోటో. అందరూ బొటనవేళ్ళు పైకెత్తి నవ్వుతున్నారు. ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

"ఢిల్లీశ్వరండి. నా క్లాసే," అన్నాడు తవిటినాయుడు.

"ఏమడిగింది?"

"ప్రశ్నలకని చివర్లో టైము పెట్టానండి. అది గ్రూపు ఫోటోకి పోయింది."

"తర్వాత కనబడిందా?"

తవిటినాయుడు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. గురువారం ఆ పిల్ల రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం కూడా రాలేదు. రాలేదని ఫోను దానంతటదే ఇంటికి మెసేజి పంపేసింది గనక అతను బెంగపెట్టుకోలేదు. ఇప్పుడు తట్టింది, ఆ నంబరు చెన్నైలో తాపీపనికెళ్ళిన తండ్రిదని. ఈ మధ్య పేపర్లో చదివినవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఎవడో ఫోటో పెట్టి బెదిరించాడని ఒకచోట, ఎవరికీ చెప్పుకోలేకపోయిందని మరోచోట. అలాంటి వార్తల్లో 'ఉపాధ్యాయులు పట్టించుకోలేదు' అని ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది. ఆ ఉపాధ్యాయులు ఎవరా అని ఇన్నాళ్ళూ అనుకునేవాడు.

మాస్టారు ఫోను తిరిగిచ్చి, కర్ర అందుకున్నారు. "చెప్పులేసుకో."

దారంతా తవిటినాయుడు గురువుగారి నడకని లోలోపల విసుక్కుంటూనే ఉన్నాడు. జేబులో ఫోను గిజగిజలాడింది. తియ్యలేదు. మళ్ళీ గిజగిజలాడింది. అయినా తియ్యలేదు. అది అతని జీవితంలో సరికొత్త అనుభవం గాని, దాని గురించి ఆశ్చర్యపోయే స్థితిలో కూడా లేడు. ఢిల్లీశ్వరి వాళ్ళ వీధి మలుపు తిరిగినప్పుడు, ఇంటి ముందు జనం గుమిగూడి లేరు గదా అని మెడ సాచి చూశాడు.

జనం లేరు. గుమ్మంలో తల్లి పోలమ్మ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. ఆమె పక్కన ఉబ్బుగా కుక్కిన బట్టల సంచి ఒకటి ఉంది.

"రండి బాబూ, ఏటిలగొచ్చేరు? మా పిల్ల ఏటైనా సేసిందేటి?"

"ఇంట్లో ఉందా అమ్మా?" అన్నాడు తవిటినాయుడు.

"ఉంది బాబూ, దొడ్లో. బడికెల్లనంతాది. ఎందుకే అంటే సెప్పదు. నా ముందర కూడా గోడేపు తిరిగి కూడు తింతాంది. రేపు తెల్లారి రొయ్యల కంపినీ వేనొస్తాది, మా ఆడపడుసు కూతురెల్తాంది, దానితో తనూ ఎల్తానని సంచి సర్దేసింది. అడిగితే పద్దెనిమిదేల్లని సెప్పీమన్నారు. పద్నాలుగు కూడా నిండనేదు."

మాస్టారు ఆమె ఎదురుగా చతికిలబడి, ఒక చింతకాయ తీసుకుని పిక్క తియ్యడం మొదలుపెట్టారు. ఢిల్లీశ్వరి వచ్చి గుమ్మం వెనక నిలబడింది. చున్నీ మూతికి అడ్డంగా చుట్టుకుంది.

"బుధవారం చెయ్యెత్తావు కదమ్మా. ఏమడుగుదామని?" అన్నాడు తవిటినాయుడు.

చున్నీ పైన కళ్ళు ఒక్కసారి వెలిగాయి. "చూసేరా సార్?"

అవునంటే సరిపోయేది. మాస్టారు పిక్క తీస్తున్న వేళ్ళు ఆగి ఉండకపోతే అనేసేవాడేమో కూడా. "అప్పుడు చూడలేదు. ఇవాళ చూశాను. ఫోటోలో."

"ఫోటోలోనా," అంది ఆ పిల్ల. వెలిగింది ఆరిపోయింది. కాసేపు గుమ్మం చెక్కని గోటితో గీకింది. తర్వాత తల ఎత్తకుండా అడిగింది.

"మీటింగులో మీరు తెర మీద రాసేరు కదండి సార్. మన ఫోటోతో ఎవులైనా ఆటలాడితే, భయపడకుండా క్లాస్ టీచరుకి చెప్పండని. ఆ ఫోటో గ్రూపులో పెట్టింది క్లాస్ టీచరే అయితే, ఎవులికి చెప్పాల సార్?"

తవిటినాయుడికి నిజంగానే అర్థం కాలేదు. "నేనా? ఏ ఫోటో?"

ఆ పిల్ల చున్నీ కిందకి లాగింది. ఒక బుగ్గ ఉబ్బించి, కళ్ళు పైకి తేలేసింది. ఒక్క క్షణం. మళ్ళీ మూతికి చుట్టేసుకుంది.

ఆ క్షణం చాలింది. 'ఇంకో గుడ్డు' గుమ్మంలో నిలబడి ఉంది. భోజనాల దగ్గర తను తీసిన ఫోటో. 'మన విద్యార్థులు ఆనందంగా గుడ్లు ఆరగిస్తున్న దృశ్యం' అని రాసి తరగతి గ్రూపులో పెట్టినది. గుడ్లు కనబడుతున్నాయా లేదా అని చూసుకున్నాడు గాని, తింటున్నవాళ్ళ ముఖాలు చూసిన గుర్తు లేదు.

"ఆ ఫోటోలోంచి నా మొకం మొదట మా క్లాసోల్లే కోసి స్టిక్కరు చేసేరు సార్," అంది ఢిల్లీశ్వరి. "నాల్రోజులు నవ్వి మానెస్తారనుకున్నాను. మంగళారం సాయంత్రం మీరూ పంపేరు. 'సారే పంపేరు, ఇంకేటే' అన్నారందరూ. మర్నాడు మీ మీటింగు. అడిగీగలననుకున్నాను."

పోలమ్మకి ఏమీ అర్థం కాక ఒకసారి కూతుర్నీ, ఒకసారి సారునీ చూసింది. తవిటినాయుడు చప్పున ఫోను తీసి, గ్రూపు తెరిచి, మంగళవారం దాకా తోసుకుంటూ వెళ్ళాడు. స్టిక్కరు దొరికింది. కాని, అందరి ఫోన్లలోంచి తీసెయ్యడానికి గడువు దాటిపోయిందట. ఇక తన ఒక్కడి ఫోన్లోంచి తీసేసుకోవచ్చట. అంటే మండలమంతా చూస్తూ ఉంటుంది, అతనికి మాత్రం కనబడదు. ఇన్నాళ్ళూ జరిగింది కూడా అదేనని తోచి, తియ్యకుండానే ఫోను జేబులో పెట్టేశాడు.

"రేపు క్లాసులో నేనే చెబుతానమ్మా. ఫోటో పెట్టింది నేను, నిన్ను అడక్కుండా పెట్టాను, ఆ ముఖం ఎవరిదో కూడా చూడకుండా నవ్వాను, పంపాను అని. నీ ప్రశ్న కూడా అందరి ముందూ అడుగు. నాకు జవాబు రాకపోయినా అడుగు."

ఢిల్లీశ్వరి ఆలోచించింది. "అది కూడా ఫోటో తీస్తారా సార్?"

"తియ్యను."

"మరి జరిగినట్టు ఎలాగ తెలుస్తాది?"

ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు. బళ్ళో తను చూసిన పద్ధతి అది. "చూసినవాళ్ళకి తెలుస్తుంది," అన్నాడు తవిటినాయుడు, మాస్టారి మాటలా గంభీరంగా ఉంటుందని ఆశపడి. అలా ఏమీ వినబడలేదు. ఢిల్లీశ్వరి లోపలికెళ్ళి ఇద్దరికీ గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. వాళ్ళు లేచేటప్పుడు సంచి ఇంకా గుమ్మంలోనే ఉంది. తవిటినాయుడు వీధి చివరికెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడూ అక్కడే ఉంది.

వచ్చిన దారినే నడుస్తున్నారు. ఎండ తగ్గింది గాని అతనికి చెమట ఆరలేదు.

"వస్తుందంటారా మాస్టారూ?"

మాస్టారు కర్ర పొడుచుకుంటూ ముందుకి నడిచారు.

"పోనీ తెల్లారేసరికి నేనే వెళ్ళి ఆ వేనుకి అడ్డం నిలబడనా? వస్తే మాత్రం ఏం మొహం పెట్టుకుని చూడను? అసలు ఫోన్ల సంగతి అడగడానికొచ్చి..."

మురుగుకాలవ దగ్గర మాస్టారు ఆగి, అరచెయ్యి చాపారు. తవిటినాయుడు ఆలోచించలేదు. గబుక్కున జేబులోంచి ఫోను తీసి ఆ చేతిలో పెట్టాడు.

మాస్టారు దాన్ని ఆ వైపు, ఈ వైపు తిప్పి చూశారు. ఆయన అడిగింది కాలవ దాటడానికి చెయ్యి. తవిటినాయుడికి అది తెలిసి, ఫోను తీసుకుని, చెవులు ఎర్రబడగా చెయ్యి అందించాడు. ఇద్దరూ కాలవ దాటారు. దాటాక కూడా ఆ చెయ్యి వదలకుండా మాస్టారు అన్నారు:

"వస్తే మళ్ళీ చెయ్యెత్తుతుంది. అప్పటికి నీ చేతిలో ఏముంటుందో చూసుకో."