నందిగెడ్డ అద్దాల సావిడి పోలమ్మ తల్లి

నందిగెడ్డ బస్టాండు దాటి తూర్పుకు నడిస్తే కనిపించే ఎర్ర ఇటుకల కట్టడమే అద్దాల సావిడి. దాని అసలు పేరు జూబిలీ ఎగ్జిబిషన్ హాలు. ఆ పేరు ముఖద్వారం మీద తప్ప ఎవరి నోటా వినిపించదు. లోపల రెండు వరుసల పోత ఇనుప స్తంభాలు, వాటి తలల మీద ఇనుప ఆకులు, స్తంభాల మధ్య కమానులు, పైన గాజు పలకల కప్పు. చెక్క మెట్లెక్కితే గోడల వెంట చుట్టూ వసారా ఉంటుంది. కింద పేర్చిన వస్తువులను పైనుంచి కూడా చూడాలని దాన్ని వేశారు. ఈ హాలు నడుమ, పసుపు పూసిన నిలువు రాయి రూపంలో, పోలమ్మ తల్లి కొలువై ఉంది. ప్రదర్శనశాలలో అమ్మవారేమిటని కొత్తగా వచ్చినవారు అడుగుతారు.

పూర్వం ఇక్కడ పొలాలుండేవి. గట్టు మీద పోలమ్మ తల్లి ఎండకు, వానకు అలాగే నిలిచి ఉండేది. తొలివాన తల్లిని తడిపాక పూజారి రాతిని తాకి "పడింది" అనేది. ఆ మాట విన్నాకే రైతులు నాగలి కట్టేవారు. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండబోతున్నాయని సంస్థానం జమీందారు ఆ చోటనే ప్రదర్శనశాల తలపెట్టాడు. ఇనుమును సీమలో, అంటే ఇంగ్లండులో, పోతపోయించి, ముక్కలుగా ఓడలో తెప్పించి, రేవు నుంచి ఎడ్లబళ్ళ మీద చేరవేయించాడు. తల్లిని మాత్రం కదపనని మాట ఇచ్చాడు.

"అమ్మకి కప్పు పనికిరాదు బాబూ" అంది అప్పటి పూజారి అసిరమ్మ.

జమీందారు ఒక గాజు పలకను ఆమె తల మీద పట్టించాడు. అసిరమ్మ పైకి చూసింది. సూర్యుడు కనిపించాడు.

"ఆకాశం అగుపిస్తంది. ఇది కప్పేటి బాబూ, కట్టుకోండి" అని ఒప్పుకుంది. అది మాఘమాసం. వాన సంగతి ఎవరికీ తట్టలేదు.

జ్యేష్ఠంలో తొలివాన కురిసింది. ఊరంతా తడిసినా తల్లి మీద చుక్క పడలేదు. రైతులు నాగళ్ళు భుజాన వేసుకుని సావిడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అసిరమ్మ రాతిని తాకింది. పొడిగా ఉంది.

"నువ్వొప్పుకోబట్టే గదా వదినా ఈ గొడవ" అన్నాడు ఆమె మరిది సూరన్న. "ఒక్క మాట సెప్పీరాదా. అమ్మొచ్చి కాదంటాదేటి?"

బిందెడు నీళ్ళు పోసి తంతు ముగించమన్నాడు జమీందారు దివాను. కొందరు రైతులు సరేనన్నారు కూడా. పదును ఆరితే విత్తనం మొలవదు. విత్తనం మొలవకపోతే ఏడాదంతా పస్తులే. రేపు చూద్దామంది అసిరమ్మ. తెల్లవారుజామున ఆమె కలలో తల్లి కనిపించింది. ఒంటి మీది పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది.

"నీ కంటికి ఆకాశం కనిపిస్తే చాలనుకున్నావు. నా ఒంటి సంగతి అడిగావా?"

అసిరమ్మ వెళ్ళి రాతి పక్కన కూర్చుంది. వాన తల్లిని తాకే దారి ఇచ్చేదాకా తానూ నీళ్ళు ముట్టనంది. ఆమె పెదవులు పగిలి, గొంతు బొంగురుపోయాక జమీందారు స్వయంగా వచ్చాడు. ప్రదర్శన దగ్గర పడింది. అక్కడ పేర్చిన పట్టుబట్టలు తడిస్తే దొరల ముందు పరువు పోతుందని ఆయన బెంగ.

"కప్పంతా పీకించమంటావా అసిరమ్మా?"

"అంతెందుకు బాబూ? తల మీదున్నది ఒక్కటే. సావిడంతా తడపమని అమ్మ అడగనేదు."

ఆ పలక తీయించారు. అసిరమ్మ నీళ్ళు తాగింది. అయితే ఆకాశంలో మబ్బు తునక మిగల్లేదు.

"పలక తీయించావు. ఇక వాన కూడా దింపించు వదినా" అని దెప్పాడు సూరన్న. పొలాలు గట్టిపడసాగాయి.

ప్రదర్శన తెరిచిన రోజున, దొరలు కుర్చీల్లో కూర్చుని ఉండగా వాన వచ్చింది. కప్పులోని ఖాళీ నుంచి ధార నిలువుగా తల్లి మీదికి దిగింది. చిందిన నీళ్ళకు పట్టుబట్టలు తడిసిపోయాయి. తల్లికి గొడుగు పట్టబోయిన దివానును జమీందారే వారించాడు. అసిరమ్మ రాతిని తాకి, తడి చేతిని పైకెత్తి చూపింది.

"పడింది."

రైతులంతా నాగళ్ళ కోసం పరుగెత్తడంతో సావిడి ఖాళీ అయింది. వసారా మీద ఉన్న ఆడవాళ్ళు కూడా గంపల కోసం, విత్తనాల కోసం ఇళ్ళకు పరుగెత్తారు. బహుమతులు పంచే వేళకు పుచ్చుకునేవారు ఒక్కరూ లేరు. దొరలకు ఏం చెప్పాలో జమీందారే తేల్చుకున్నాడు. ఆ ఏడు పంట బాగా పండింది.

అక్కడ మళ్ళీ పలక వేయలేదు. కప్పు బాగుచేసినప్పుడల్లా ఆ చోటు వదిలేస్తారు. తొలివాన వేళ సావిడిలో ఏ సభ జరుగుతున్నా ఉపన్యాసం ఆపవలసిందే. అసిరమ్మ వంశపు కోడలు రాతిని తాకి మాట చెప్పాక, రైతులు ఆ ధారలో పిడికెడు విత్తనాలు తడిపి తీసుకువెళ్ళి మొదటి చాలులో వేస్తారు. ఆ చేనికి తెగులు సోకదని, ఆ ఇంట గింజకు కొరత రాదని భక్తుల నమ్మకం. గొడుగులు బయటే ఉంచాలి. నేల జారుతుంది, పిల్లలను పట్టుకోవాలి.

గాలి మళ్ళి, వాన ఊరంతా కురిసినా సావిడి మీద కురవని ఏళ్ళూ ఉంటాయి. అప్పుడు ట్రాక్టర్లు ద్వారం ముందు ఇంజన్లు ఆపుకుని నిలబడతాయి. తల్లి తడిసేదాకా ఒక్కటీ కదలదు.