ఇరవయ్యొక్క శాస్త్రాల కిళ్ళీ

వెలిచర్ల రాజు రేచభూపాలుడికి ఒకనాడు తిక్క పుట్టింది. సభ మధ్యలో లేచి, "నా రాజ్యంలో పట్టా ఉన్న పశువైద్యుణ్ణి ఒక్కణ్ణి చూపించండి! ఇప్పుడే!" అన్నాడు.

ఒక్కడూ లేడు. విద్యాపీఠం చివరి పట్టా ఇచ్చి తొమ్మిదేళ్ళయింది, అది పుచ్చుకున్న ముసలాయన కూడా పోయాడు. ఊళ్ళల్లో చూస్తే ఎద్దులు గాలికుంటు రోగంతో కూలబడుతున్నాయి.

దొరికినవాడు ఓబన్న ఒక్కడే, అదీ తాళ్ళతో కట్టేసి. పదమూడేళ్ళు పీఠంలో చదివాడు. గడ్డం నెరిసింది గానీ పట్టా రాలేదు. రైతుల ఏడుపు చూడలేక ఎద్దులకి మందేశాడు. పట్టా లేని వైద్యానికి శిక్ష దేశబహిష్కారం.

పట్టి తెచ్చింది పీఠాధిపతి సర్వోత్తమ భట్టు. చదువెంతో నాకు తెలీదు, ఎండాకాలంలో కూడా ఏడు శాలువాలు కప్పుకునేవాడని మాత్రం తెలుసు.

"ఎద్దులు బతికాయా?" అడిగాడు రాజు.

"బతికాయి మహారాజా. అశాస్త్రీయంగా బతికాయి."

"మరి వీడికి పట్టా ఎందుకివ్వలేదు?"

"ఛందస్సులో తప్పాడు."

"ఎద్దుకి ఛందస్సెందుకయ్యా!"

భట్టు శాలువాలు సర్దుకున్నాడు. నిజం ఎలా చెబుతాడు? ఛందస్సు చెప్పేది బావమరిది. రత్నపరీక్ష చెప్పేది అల్లుడు. చుట్టం వచ్చినప్పుడల్లా ఒక శాస్త్రం పెరిగి, మొత్తం పద్దెనిమిదయ్యాయి.

"మూడు రోజులిస్తున్నా. పాఠాలన్నీ తిరగేసి అక్కర్లేనివి పీకేసి రండి. అప్పుడు తేలుస్తా ఓబన్న సంగతి," అన్నాడు రాజు.

మూడో రోజు భట్టు చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చాడు. "క్షుణ్ణంగా సమీక్షించాం మహారాజా. ఒక్కటీ తీసెయ్యడానికి లేదు. పైగా మూడు తక్కువయ్యాయని తేలింది. చేర్చాం. ఇరవయ్యొకటి."

"ఈ మూడింటికీ ఇంకో ఆరేళ్ళా! అప్పటికి దున్నడానికి ఎద్దుంటుందా సామీ?" అని ఓబన్న కూలబడ్డాడు.

పండితులు తేల్చిన మాట కాదంటే తనకి చదువు లేదంటారని రాజు భయం. "సరే, తాంబూలం పుచ్చుకోండి," అన్నాడు.

వెలిచర్లలో అదీ పద్ధతి. ఏ నిర్ణయమైనా సరే, చెప్పినవాడు రాజిచ్చిన కిళ్ళీ సభలోనే నమిలి మింగితేనే ఖాయం. కాదంటే రాజుని అవమానించినట్టు.

ఆ కిళ్ళీలు చుట్టేవాడు నాగినీడు, రాజుగారి అడపం, అంటే ఆకువక్కల సంచి, మోసే సేవకుడు. అక్షరం ముక్క రాదు. కానీ ఎవరి నోట్లో ఎంత పడుతుందో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. సంచి తీసుకుని వంటశాలకి పరిగెత్తి, కాసేపటికి పళ్ళెం పట్టుకొచ్చాడు. పళ్ళెంలో పొట్టేలు తలకాయంత కిళ్ళీ!

"ఇదేమిట్రా?" అన్నాడు భట్టు.

"శాస్త్రానికో దినుసు వేశాను స్వామీ. ఇరవయ్యొకటి."

భట్టు నోరు తెరిచాడు. పట్టలేదు. అంచు కొరికాడు. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు. "కొంచెం... తగ్గించరా!"

"ఏది తియ్యమంటారో తమరే సెలవియ్యండి. తీసిన దినుసు శాస్త్రం కూడా పోతుంది మరి. ఒక్కటీ తీసెయ్యడానికి లేదన్నారుగా!"

రాజు ముందుకి వంగాడు. "అలాగే కానీ!"

భట్టు అటు చూశాడు, ఇటు చూశాడు. మళ్ళీ కొరికాడు. "ఇంగువ! ముందా ఇంగువ తియ్యరా!"

"ఛందస్సు పోయింది," అన్నాడు నాగినీడు.

"బావా!" అని వెనకనుంచి కేక.

"నోర్ముయ్ వెధవా, నమిలేది నేను! వేపచెక్క తియ్!"

"రత్నపరీక్ష పోయింది."

మిరియాలు పోయాయి, కరక్కాయ పోయింది, ఉలవలు పోయాయి. చివరికి పళ్ళెంలో ఆకు, వక్క, సున్నం మిగిలాయి.

"పశువు ఒళ్ళు తెలియడం, మందు తెలియడం, తన్నించుకోకుండా పశువుని పట్టడం," అని నాగినీడు మూడూ చుట్టి ఇచ్చాడు. భట్టు గబుక్కున నోట్లో వేసుకున్నాడు.

"ఈ మూడింట్లో ఓబన్న తప్పాడా?" అడిగాడు రాజు.

భట్టు నిండు నోటితో అడ్డంగా తలూపాడు. కిళ్ళీ మింగేశాడు. ఖాయమైపోయింది.

ఓబన్న తాళ్ళు విప్పారు. పట్టా మీద భట్టు చేతనే ముద్ర వేయించారు. "ఏం కావాలిరా నీకు?" అన్నాడు రాజు నాగినీడుతో.

"నాకేం వద్దు మహాప్రభూ. తీసేసిన ఈ పద్దెనిమిది దినుసులూ భట్టుగారి చుట్టాలకి ఇప్పించండి. పాపం, పచారీ కొట్టు పెట్టుకుంటారు."

సభ పగలబడి నవ్వింది. రాజు నవ్వలేక పొట్ట పట్టుకుని, చేతి బంగారు కంకణం తీసి నాగినీడు పళ్ళెంలోకి విసిరాడు.