మానిన చెయ్యి

“హుసేనప్పా! లేసి రా, నీ నీడ పొట్టిదైంది!”

దర్గా అరుగు మీంచి మహబూబ్ తాత కేకేశాడు. గుట్ట మీద బండపైన చొక్కా లేకుండా కూర్చున్న శిష్యుడు వినపడనట్టే కళ్ళు మూసుకున్నాడు.

నీడ మనిషికంటే పొడుగ్గా ఉన్నంతసేపే ఎండలో కూర్చోవాలి. చర్మం డాక్టరమ్మ చెప్పినదాన్ని తాత అట్లా గుర్తుపెట్టుకున్నాడు.

హుసేనప్ప ఇక్కడికి వచ్చిన కొత్తలో వాడి చేతులనిండా ఎర్రటి మచ్చలు, తెల్లగా రాలే పొట్టు. అంటుకునే జబ్బు కాదని ఎంత చెప్పినా, వాడు అన్నం వడ్డిస్తే జనం పళ్ళేలు వెనక్కి లాక్కునేవాళ్ళు. తాత మాత్రం రోజూ వాడి చేతులు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాసేవాడు. ఆ లేత ఎండలో, ఆ ముసలి వేళ్ళ కింద, తన చేతులు మళ్ళీ తనవైనట్టు ఉండేది వాడికి.

పొద్దుటి ఎండ పనిచేసింది. కుడిచెయ్యి పూర్తిగా మానింది.

“ఇంక నా పని అయిపోయినట్టేరా. నూనె మిగులుతాది,” అని ముందురోజే తాత నవ్వాడు.

ఆరోజు వాడు లేవలేదు. పిలిచి పిలిచి, మోకాళ్ళు పట్టుకుంటూ తాత గుట్టెక్కి వచ్చేసరికి వాడి వీపు, భుజాలు కమిలిపోయి ఉన్నాయి.

ఆ వారమంతా తాతే తడిగుడ్డలు వేశాడు. ముందు పెదవి మీద నీటిపొక్కులు లేచాయి. తర్వాత కమిలిన చోటల్లా కొత్త మచ్చలు.

“మాన్పిన ఎండే ఇంత పని చేసిందేం తాతా?” తలొంచుకుని అడిగాడు.

“డాక్టరమ్మ చెప్పలా? ఒంట్లో కాపలావాళ్ళుంటారంట. నీ కాపలావాళ్ళు ఇంటోళ్ళనే దొంగలనుకుని కొడతాండారు. కొంచెం ఎండ తగిలితే శాంతిస్తారు. నువ్వు మాడబెట్టినావు. కొందరు మళ్ళీ రెచ్చిపోయినారు, కొందరు నిద్రపోయినారు. వాళ్ళు నిద్రపోతానే లోపల దాక్కున్న అసలు దొంగ పొక్కులై పెదవి మీదికొచ్చె. ఇదంతా నీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసీ కూచున్నావా?”

తాత లేచి వెళ్ళి నూనెసీసా తెచ్చాడు.

హుసేనప్ప మచ్చలున్న ఎడమచెయ్యి చాపాడు. తాత దాన్ని మెల్లగా పక్కకు నెట్టి, కుడిచెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అరచేతిలో నూనె ఒంపుకుని, ఒక్కో వేలూ తీరిగ్గా రుద్దసాగాడు.

“అది మానిపోయింది కదా తాతా!”

“అయితే?”

కింద వంటశాల నుంచి ఎవరో తాతను పిలుస్తున్నారు. ఆయన కదల్లేదు. చిటికెనవేలి దగ్గరికి వచ్చాడు.

హుసేనప్ప తాత వేళ్ళను గట్టిగా పట్టుకున్నాడు.

“నా చెయ్యి పట్టుకున్నది నువ్వొక్కడివే తాతా. మానిపోతే ఇంక పట్టుకోవని భయమేసింది. అందుకే లేవలేదు.”