రాజుగారి ఒళ్ళో పిల్ల

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమైతేనేం గానీ, ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. చట్టాలన్నీ తానే రాశాడు కనుక వాటికి అర్థం చెప్పడం కూడా తన ఒక్కడివల్లే అవుతుందని ఆయన నమ్మకం.

ఆయన కొలువులో కూర్మన్న అనే విదూషకుడున్నాడు. నున్నటి బట్టతల, ముందు నడిచే బొజ్జ. "నన్ను వెక్కిరించే శ్రమ మీకెందుకండీ, నేనున్నాను గదా!" అనేవాడు.

ఒకనాడు కుమ్మరి ఎల్లమంద, అతని భార్య సోమమ్మ, మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని కొలువుకొచ్చారు.

"దొరా, ఈ చుక్కి మా పొరుగింటి పిల్ల. దీని అమ్మా నాన్నా నిరుడు పడవ మునిగి పోయారు. అప్పట్నుంచీ మా దగ్గరే పెరుగుతోంది. మాకు పిల్లల్లేరు. దత్తత చేసుకుంటాం, తమరు ఔనంటే చాలు," అన్నాడు ఎల్లమంద.

రాజు మీసం సవరించుకున్నాడు. "దత్తతంటే సంతలో కుండ కొనడమనుకున్నావా? కన్నతండ్రి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని 'ఇచ్చాను' అనాలి. పెంచే తండ్రి 'పుచ్చుకున్నాను' అని తన ఒళ్ళోకి తీసుకోవాలి. అదీ మా చట్టం! ఇచ్చే తండ్రే లేనప్పుడు పుచ్చుకోవడమేమిటి? రేపే పిల్లను అనాథల సత్రంలో అప్పగించండి."

సోమమ్మ పిల్లను గట్టిగా పొదువుకుంది. "సత్రంలో ఇది ఎవరి పక్కన పడుకుంటుంది దొరా? నా కొంగు పట్టుకోందే నిద్రపోదు," అంటూ ఏడ్చింది.

"చట్టానికి కొంగుల సంగతి తెలియదు," అన్నాడు రాజు.

కూర్మన్న లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, పనిలో పనిగా నా నేరం కూడా విచారించండి. నేను దొంగసొత్తు తిన్నాను."

"ఏం తిన్నావు?"

"పెరుగు. ఈ పిల్ల తండ్రి పోగానే ఆయన గేదెను మన భటులు తోలుకొచ్చి కోటలో కట్టేశారు. ఏడాదిగా దాని గడ్డపెరుగు నేనే తింటున్నాను. సాక్ష్యం దాచుదామన్నా ఈ బొజ్జ దాగి చావదు."

సభ నవ్వింది. రాజు విసుక్కున్నాడు. "మూర్ఖుడా! దొంగసొత్తెలా అవుతుంది? తండ్రి పోయిన బిడ్డకు రాజే తండ్రి. ఆ తండ్రి హోదాలోనే గేదెను స్వాధీనం చేసుకున్నాం. అదీ మా చట్టమే!"

"అలాగా ప్రభూ! నా తలకు పైన వెంట్రుకలే కాదు, లోపల సరుకూ తక్కువే. మరొక్కసారి సెలవియ్యండి. ఈ పిల్లకు తండ్రెవరు?"

"నేనేనయ్యా, నేనే! ఎన్నిసార్లు చెప్పాలి?"

కూర్మన్న చుక్కిని అందుకుని, ఆపసోపాలు పడుతూ సింహాసనం మెట్లెక్కి, రాజుగారి ఒళ్ళో కూర్చోబెట్టాడు.

"అయితే ఇచ్చే తండ్రి దొరికాడు ప్రభూ. కాదంటారా, గేదెను దొంగిలించినట్టే. నాతోబాటు తమరూ బందిఖానాకి పదండి. అక్కడ నా గురక భరించడం కష్టం సుమా!"

చుక్కి రాజుగారి మీసం కొస పట్టుకుని లాగి కిలకిలా నవ్వింది. రాజు మీసం విడిపించుకోబోయి, ఎందుకో ఊరుకున్నాడు. ఆపైన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"నా చట్టం నాకే తెలియదని ఇన్నాళ్ళకు తేలింది. ఇంత తెలివితక్కువవాణ్ణి ఈ సింహాసనం ఎలా మోస్తోందయ్యా!" అని, ఎల్లమందను దగ్గరికి పిలిచాడు. "ఇచ్చాను," అన్నాడు.

"పుచ్చుకున్నాను దొరా," అంటూ ఎల్లమంద పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"గేదెను కూడా తోలుకుపొండి. పుట్టింటి నుంచి పిల్లను ఉత్తచేతులతో పంపుతానా?" అన్నాడు రాజు. తర్వాత విదూషకుడి వైపు తిరిగాడు. "కూర్మన్నా, నీకేం కావాలో కోరుకో."

"ఒక్కటే మనవి ప్రభూ. మా ఆవిడ నన్నెవరికైనా ఇచ్చేద్దామని చాలాకాలంగా చూస్తోంది. పుచ్చుకునే నాథుడే దొరకడం లేదు."

రాజు పగలబడి నవ్వి, తన భుజమ్మీది పట్టుశాలువా తీసి కూర్మన్నకు కప్పాడు.

"నేను పుచ్చుకున్నానని మీ ఆవిడతో చెప్పు!"