మూడు కుప్పల చదువు

పల్లేరుగుట్ట కింద, వాగొడ్డున, ఒక మేకల మంద ఉండేది. ఎండాకాలమంతా కింద రాళ్ళ నీడన ఎలాగో నెట్టుకొచ్చి, తొలకరి పడి గుట్ట పచ్చబడగానే మంద మొత్తం పైకెక్కేది. నాలుగు నెలలు మేత అక్కడే, పడక అక్కడే. పైకి వెళ్ళే పిల్లకి ఒక్కటే అర్హత. ఏ ఆకు కడుపునిండా తినాలో, ఏది కొంచెమే కొరకాలో, దేనికి ఆమడ దూరంలో ఉండాలో తెలిసుండాలి. గుట్ట మీద ఎవరి నోరు వాళ్ళే చూసుకోవాలి మరి. ఆకులు తెలియని పిల్ల ఆ ఏడాదికి తల్లితోపాటు కిందే ఉండిపోవాలి. మంద అండ లేకుండా కింద ఉండడమంటే ఏమిటో ఈతవనంలో నక్కలకి బాగా తెలుసు.

ఆ మందలో చుక్కమ్మ అని ఒక నల్లమేక. నుదుటి మీద తెల్లచుక్క ఉంటుంది. ఇద్దరు పిల్లలు. పెద్దది గవ్వ, నెమ్మదస్తురాలు, అడిగితే గానీ నోరు విప్పదు. చిన్నవాడు బొంగరం. వాడికి పేరు మూడో రోజున గానీ పెట్టలేకపోయారు, మొదటి రెండు రోజులూ వాడు ఒకచోట నిలబడితే కదా.

మంద పిల్లల బడి వాగు అవతల చింతతోపులో జరిగేది. ముసలి పొట్టేలు ఒకాయన చెప్పేవాడు. గవ్వని అక్కడికి పంపాలనే చుక్కమ్మకీ ఉండేది. కానీ రోజూ దింపి రావాలంటే బొంగరాన్ని కూడా వెంటేసుకుని వాగు దాటాలి. వాడి కాళ్ళు ఇంకా అంత పొడుగు కాలేదు. ఇంటి దగ్గర ఒక్కణ్ణే వదిలి వెళ్ళడమా, తిరిగొచ్చేసరికి ఇల్లూ ఉండదు, వాడూ ఉండడు. అందుకని చుక్కమ్మ బాగా ఆలోచించి, చదువు ఇంట్లోనే చెప్పుకుంటానంది. మందలో తోటి మేకలు మూతులు తిప్పుకున్నాయి. ఇంట్లో చెప్పేది చదువెలా అవుతుందని ఒకరు, అంత తెలివైందని మాకు ఇన్నాళ్ళూ తెలియలేదే అని ఇంకొకరు. వాళ్ళతో వాదించే తీరిక చుక్కమ్మకి లేదు.

పద్ధతి ఏమిటంటే, తెల్లవారగానే, బొంగరం లేవకముందే, బల్లపరుపు రాయి మీద, గవ్వకి పేర్లు చెబుతూ మూడు కుప్పలు పోసేది. ఎడమ పక్క రేగు, తుమ్మ, అవిశ. అవి కడుపునిండా తినేవి. మధ్యలో వేప, తిప్పతీగ. ఒంట్లో బాగోలేనప్పుడు నాలుగాకులు కొరికేవి. కుడి పక్క గన్నేరు, ఉమ్మెత్త, దురదగొండి. చచ్చినా ముట్టకూడనివి. ఇక మేకల్లో తరతరాల ఆచారం ఒకటుంది. పాఠం చెప్పేవాళ్ళు ముందుగా తినే కుప్పలోంచి నోటినిండా తీసుకుని నమలాలి. పిల్ల దగ్గరికొచ్చి ఆ మూతి వాసన చూడాలి. ఆ వాసన ఏ ఆకుకి ఉంటే అది మనది, లేనిది మనది కాదు. మేకలకి పలకా బలపం అన్నీ ఆ మూతే.

ఇంతవరకూ బాగానే సాగేది. మూడో ఆకు దగ్గరికి వచ్చేసరికి బొంగరం లేచేవాడు.

లేవడం అంటే మనలాగా ఒళ్ళు విరుచుకుని లేవడం కాదు. కళ్ళు తెరిచేసరికే గాల్లో ఉండేవాడు. దిగేది సరిగ్గా కుప్పల మధ్య. తలతో ఒక కుప్పని కుమ్మి, వెనక్కాళ్ళతో రెండోదాన్ని ఎగదన్ని, మూడోదాని మీద పొర్లేవాడు. చుక్కమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. నమలడానికి రేగు కొమ్మ ఇచ్చింది, గుటకలో అయిపోయింది. నువ్వే బడికి పెద్దవాడివి, అక్క చదువుతోందో లేదో చూస్తూ ఉండు అంది. వాడు అక్క చెవి కొరికి మరీ చూశాడు. కాళ్ళ సందున బిగించి పట్టుకుంటే జారిపోయి గుట్టవైపు పరుగు తీసేవాడు. వెనకాల చుక్కమ్మ పరుగు. రాళ్ళ చుట్టూ తిరిగి, తుప్పల్లో దూరి, చివరికి వాడి చెవి పట్టుకుని రొప్పుతూ తిరిగొచ్చేసరికి సగం పొద్దు అయిపోయేది. గవ్వ రాయి పక్కన కూర్చుని ఉండేది. ముందు మూడు కుప్పలు మళ్ళీ ఉండేవి. పాపం, సర్దిపెట్టింది, మంచి పిల్ల అనుకునేది చుక్కమ్మ. ఏ కుప్ప ఎటు ఉందో కూడా చూసే ఓపిక ఉండేది కాదు. ఈ రోజూ అరపాఠమే అయిందని దిగులుపడుతూ కూలబడేది.

ఆమెకి తెలియని సంగతి ఒకటుంది. ఈతవనంలో కోటప్ప అనే నక్క రోజూ తెల్లవారేసరికి ఆ రాయి వెనక పొదలోకి వచ్చి కూర్చునేవాడు. మొదట వచ్చింది చదువు కోసం కాదు, బొంగరం కోసమే. కానీ తల్లి పక్కనుండగా వాణ్ణి పట్టడం కష్టం. కూర్చుని కూర్చుని పాఠం చెవిన పడింది. చెవిన పడగా పడగా ఉపాయం తట్టింది. దొంగలా వచ్చి ఎత్తుకుపోవడం ఎందుకు, మాస్టారులా వచ్చి అడిగితే వాళ్ళే చేతికిస్తారు కదా. అప్పటినుంచి శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఎడమది తినేది, మధ్యది మందు, కుడిది విషం. ఆకుల పేర్లు కూడా వరసగా బట్టీ పట్టాడు. ఏ ఆకు ఏదో మాత్రం వాడికి తెలియదు. అన్నీ పచ్చగానే ఉన్నాయి, అన్నిటికీ ఒకటే పచ్చివాసన. అదొక లోటుగా వాడికి తోచలేదు. ఇక బొంగరం లేచి గంతులు మొదలుపెట్టగానే, ఆ గంతుల్లో పొదలోకి వచ్చి పడితే వెనకే తల్లి కొమ్ములూ వస్తాయని భయపడి జారుకునేవాడు. కాబట్టి రోజూ వాడు చూసింది మొదటి సగమే.

ఇరవై రోజులు ఇలా చదువుకుని, కోటప్ప మంద పెద్ద దగ్గరికి వెళ్ళాడు. ఆయన మేకపోతు గడ్డప్ప. మంచివాడే, కానీ తన గడ్డమంత పెద్దది తన బుర్ర అని ఆయనకో నమ్మకం. కోటప్ప ఆయన ముందు వినయంగా కూర్చుని, కడుపులో నొప్పి వచ్చి మాంసం మానేశాననీ, ఆకులతోనే బతుకుతున్నాననీ, మిగిలిన రోజులు పసిపిల్లల సేవలో గడపాలని ఉందనీ చెప్పుకున్నాడు. రేగు, తుమ్మ, అవిశ, వేప అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. తిప్పతీగ పేరు తెలిసిన నక్కని గడ్డప్ప అంతకుముందు చూసి ఎరగడు. కరిగిపోయాడు.

ఇద్దరూ కలిసి చుక్కమ్మ దగ్గరికి వచ్చారు. ఆ సమయానికి బొంగరం తల్లి వీపు మీద నిలబడి ఉన్నాడు.

"ఏం చుక్కమ్మా, పిల్ల చదువు ఎంతవరకు వచ్చింది?" అన్నాడు గడ్డప్ప.

"వస్తోంది మావా."

"వస్తోందో పోతోందో కనబడుతూనే ఉంది. తొలకరి మీదికొచ్చేసింది. రేపు పిల్లకి ఆకులు రాలేదనుకో, నిన్నిక్కడ వదిలి మేమెలా పైకి పోతామమ్మా?"

కోటప్ప ముందుకొచ్చి గొంతులో తేనె పోసుకున్నాడు. "అక్కయ్యా, మీ అవస్థ చూడలేక వచ్చాను. పొద్దున పూట చిన్నాణ్ణి నాకు అప్పగించండి. ఆడిస్తాను, పాడిస్తాను, నిద్రపుచ్చుతాను. మీరిక్కడ పాపకి నిశ్చింతగా చెప్పుకోండి."

నిద్రపుచ్చుతాను అన్న మాట దగ్గర చుక్కమ్మ మనసు జారింది. అబద్ధమెందుకు, ఇరవై రోజులుగా ఆమె కూర్చుని మేత నమిలింది లేదు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట నిశ్శబ్దం. రాయి మీద కుప్పలు ఎక్కడివక్కడే ఉండి, గవ్వ ఎదురుగా కూర్చుని. ఆ బొమ్మ కళ్ళ ముందు అలా నిలిచింది. తీరా తలెత్తి చూస్తే, బొంగరాన్ని ఎలా ఆడిస్తాడో చెబుతున్న కోటప్ప చూపు పిల్లవాడి మొహం మీద లేదు, వాడి తొడల మీద ఉంది. చుక్కమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దులెండి, మావాడు మీ దగ్గర ఉండడు," అంది.

"ఎందుకుండడు అక్కయ్యా, ఒకసారి వచ్చాడంటే మళ్ళీ ఇంటికి పోతానని అనడు."

ఆ మాట గడ్డప్పకి ఎంతో ముచ్చటగా వినిపించింది. ఆయన ఇక తేల్చేశాడు. రేపు పొద్దున్నే గవ్వకి పరీక్ష. ఒక్క ఆకు తప్పినా బొంగరం కోటప్ప మాస్టారి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళనంటే చుక్కమ్మకి మందలో చోటు లేదు. తప్పకపోతే ఇంటి చదువు జోలికి ఎవరూ రారు.

వాళ్ళు వెళ్ళాక గవ్వ తల్లి పక్కకి చేరింది. "నాకు రాకపోతే తమ్ముణ్ణి ఇచ్చేస్తారా?" అని అడిగింది. చుక్కమ్మ దాని వీపు నాకింది.

పొద్దున్నే మంద సగం వచ్చి రాయి చుట్టూ నిలబడింది. చుక్కమ్మ కుప్పలు పోసి, బొంగరాన్ని కాళ్ళ సందున ఇరికించుకుంది. కోటప్ప శుభ్రంగా తోక దులుపుకుని ఒక పక్కన నిలబడ్డాడు. గడ్డప్ప గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు బొంగరానికి ఆటకి పిలిచినట్టు వినబడిందో ఏమో, జారిపోయాడు. ఒక్క గెంతులో రాయి మీద ఉన్నాడు. గన్నేరు ఎగిరింది, రేగు ఎగిరింది, వేపాకు ఒకటి వెళ్ళి గడ్డప్ప గడ్డంలో కూర్చుంది. వాడు మూడు చుట్లు తిరిగి ఆగేసరికి రాయి మీద ఉన్నది ఒకటే కుప్ప. అందులో ఆకులెన్నో మట్టెంతో చెప్పడం కష్టం.

"చూశారా పెద్దాయనా, ఇదీ ఇక్కడి చదువు," అన్నాడు కోటప్ప.

ఇక పరీక్షేముందన్నట్టు గడ్డప్ప తల విదిల్చాడు. అప్పుడు గవ్వ నోరు విప్పింది. "ఒక్క నిమిషం ఆగు తాతా. రోజూ ఇంతే."

చుక్కమ్మ అలవాటు కొద్దీ బొంగరం వెనక పరిగెత్తబోయి, గవ్వ మాటకి ఆగిపోయింది. ఇరవై రోజుల్లో మొదటిసారి కొడుకుని వదిలి కూతుర్ని చూసింది. గవ్వ ఒక్కొక్క ఆకు దగ్గర మూతి పెట్టి, పేరు గొణుక్కుని, గిట్టతో పక్కకి తోస్తోంది. వాడిపోయిందీ, చిరిగిందీ, తమ్ముడు సగం నమిలి ఉమ్మిందీ, దేని దగ్గరా తడుముకోవడం లేదు. చూస్తూ చూస్తూ చుక్కమ్మకి సంగతి అర్థమైంది. తాను చెప్పిన అరపాఠం అరపాఠమే. మిగతాది తాను బొంగరం వెనక పరుగెత్తుతుంటే, ఈ పిల్ల ఒక్కతే కూర్చుని నేర్చుకుంది. వాడు రోజూ చెదరగొట్టాడు, ఇది రోజూ ఏరింది. సర్దడం అనుకుంది తను. చదువంతా అదే.

బొంగరం అప్పటికి రాయికి కుడి పక్కన నిలబడి ఉన్నాడు. అందుకని గవ్వ తినే ఆకులు వాడికి అందేలా అటు పోసి, ముట్టకూడనివి వాడికి దూరంగా ఎడమ పక్క పెట్టింది. గడ్డప్ప మూడు కుప్పలూ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఒక్క తప్పు దొరకలేదు.

అది చూసి కోటప్పకి నోటి దగ్గరి ముద్ద జారిపోతోందనిపించింది. "సర్దడం గొప్పేముంది పెద్దాయనా," అన్నాడు. "అర్థం చెప్పాలి గానీ. ఎడమది కడుపునిండా తినేది, మధ్యది మందు, కుడిది విషం. కళ్ళు మూసుకుని చెబుతాను నేను."

గడ్డప్ప ఏదో అనబోయాడు. చుక్కమ్మ తన గిట్ట తీసుకెళ్ళి ఆయన గిట్ట మీద పెట్టి గట్టిగా తొక్కింది. నక్క చెప్పింది గవ్వ పెట్టిన వరస కాదు, రోజూ తెల్లవారగానే తాను పెట్టే వరస. ఆ వేళప్పుడు ఆ రాయి దగ్గర తనూ పిల్లలూ తప్ప ఎవరూ ఉండరు. ఉంటే గింటే రాయి వెనక పొదలో ఉండాలి.

"నిజమే మాస్టారూ, మీ అంత చదువు మాకెక్కడిది," అంది చాలా మర్యాదగా. "మా ఆచారం ఒక్కటి మిగిలిపోయింది. పాఠం చెప్పేవారు తినే కుప్పలోంచి నోటినిండా నమిలి చూపించాలి. ఆ ఒక్కటీ అయిపోతే చిన్నాణ్ణి ఇప్పుడే మీ వెంట పంపిస్తాను."

మేక మాట తప్పకముందే పని కానిద్దామని కోటప్ప కుప్పల వైపు సరిగా చూడనైనా చూడలేదు. నేరుగా ఎడమ పక్కకి వెళ్ళాడు. పైనున్నది దురదగొండి. మంద అంతా చూస్తోంది కదా అని నోరు పట్టినంత తీసుకుని, కళ్ళు మూసుకుని, పెద్దమనిషి తరహాలో రెండుసార్లు నమిలాడు.

మూడోసారి నమలడం జరగలేదు. కళ్ళు ముందు తెరుచుకున్నాయి, తరవాత బయటికి వచ్చాయి. నాలుక రెండింతలై నోట్లో పట్టక పక్కకి వేలాడింది. మూతి నేలకేసి రాశాడు, రాతికేసి రాశాడు, తన తోకకేసి రాశాడు. ఏదో చెప్పబోతే చొంగ తప్ప మాట రాలేదు. ఇది కొత్త ఆట అనుకుని బొంగరం వాడి చుట్టూ గంతులేసి, వెనకనుంచి ఒక్క కుమ్ము కుమ్మాడు. ఆ ఊపుతో లేచిన నక్క మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

గడ్డప్ప చాలాసేపు గడ్డంలోని వేపాకు తీసుకుంటూ నిలబడ్డాడు. పొద వెనక నేల చూసి వచ్చినవాళ్ళు, నక్క కూర్చున్న గుంట పడిందని చెప్పారు. ఆయన నేల చూపులు చూస్తూ, మా మనవలిద్దరికీ కూడా నాలుగు ఆకులు నేర్పుతావా అమ్మా అని అడిగాడు. ఇంట్లో వాళ్ళకన్నా చిన్నవాళ్ళుంటే వాళ్ళనీ తోలుకురమ్మంది చుక్కమ్మ. అయితే రేపటినుంచి, ఇవాళ కాదు. అని అక్కడే, పట్టపగలు, అందరి ముందూ కాళ్ళు ముడుచుకుని పడుకుంది. గవ్వ తమ్ముణ్ణి రాయి చుట్టూ తిప్పుతూ ఉంది. ఆ గోలలోనే చుక్కమ్మకి హాయిగా నిద్ర పట్టేసింది. వారానికి తొలకరి పడింది. ముగ్గురూ మందతో కలిసి గుట్టెక్కారు.

కోటప్ప మూడు రోజులు వాగులో నాలుక నానబెట్టుకుని కూర్చున్నాడు. ఏం తిన్నావురా అని తోటి నక్కలు అడిగితే, పాపం, అన్ని పేర్లు బట్టీ పట్టినవాడు ఆ ఆకు పేరు మాత్రం చెప్పలేకపోయాడు.

నీతి: వరస బట్టీ పట్టినవాడు వరస మారగానే తప్పుతాడు, చిందరవందరలోంచి ఏరుకుని నేర్చుకున్నవాడికి చదువు నిలుస్తుంది.