భేరి మోగని గని

ఒకానొక రాజ్యంలో కొండ కడుపున ఒక రాగి గని ఉండేది. కోటలో రాజుగారి గంగాళాలు తళతళలాడుతుంటే అందరూ ఆహా అనేవారు. ఆ రాగి ఏ చీకట్లోంచి వచ్చిందో ఎవరికి కావాలి లెండి!

లోపల కప్పును మోసే దుంగలు పుచ్చిపోయాయి. గని మేస్త్రీ జంగన్న కొత్త కలప కోసం మూడుసార్లు కోటకు వెళ్ళాడు. "ఆ దుంగలు నూరేళ్ళు నిలుస్తాయి, పోవోయ్!" అని మంత్రి మాచనామాత్యుడు మూడుసార్లూ తిప్పి పంపాడు. కలపంతా రాజుగారి కొత్త కొలువుమండపానికి పోతోంది మరి. నాలుగోసారి వెళ్ళేలోపే కప్పు కూలింది. జంగన్న తమ్ముడు సింగడు రాళ్ళ కింద పూడిపోయాడు.

ఆ గనిలో ఒక కట్టుబాటు ఉంది. లోపల ఎవరూ గొంతెత్తకూడదు. గట్టి చప్పుడైతే కప్పు రాలుతుంది. అందుకే ఆ రోజు జంగన్న తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవలేకపోయాడు. పక్కనే ఇరవైమంది కూలీలున్నారు, అరిస్తే వాళ్ళ ప్రాణాలకూ ముప్పే. నోట్లో తలగుడ్డ కుక్కుకుని ఏడ్చాడు, పాపం.

నెల తిరక్కుండా రాజు ఉద్దండవర్మ గని చూడ్డానికి బయలుదేరాడు. వెంట మంత్రి, అధికారులు, భేరీ మోగించేవాడు. గని నోటి దగ్గరే మంత్రి భేరీవాడికి కళ్ళతో సైగ చేశాడు, లోపల మోగించవద్దని.

సగం దూరం వెళ్ళాక రాజు మూతి ముడిచాడు. "ఏమిటిది? రాజు వస్తే భేరి లేదు, జేజేలు లేవు! ఇదేం మర్యాద?"

జంగన్న చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు: "తప్పే మహాప్రభూ. దుంగలు పుచ్చాయని భయపడి నోళ్ళు మూసుకున్నాం. మంత్రిగారేమో నూరేళ్ళు నిలుస్తాయన్నారు. వారినే ఈ దుంగ కింద నిలబడి, తమ చేత్తో భేరి మోగించమనండి. మా పిరికితనం వదిలిపోతుంది."

"భేష్! కానివ్వండి మంత్రీ!" అన్నాడు రాజు.

భేరి కర్ర చేతికొచ్చేసరికి మంత్రి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఎత్తాడు, పైకి చూశాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. చివరికి రాజు చెవిలో, "వద్దు ప్రభూ, అందరం చస్తాం!" అన్నాడు.

"బయటికి పదండి," అన్నాడు రాజు, అదీ గుసగుసగానే. అంతటి ఉద్దండవర్మా మునివేళ్ళ మీద నడిచాడు.

ఎండలోకి వచ్చాక గానీ ఆయనకు నవ్వు రాలేదు. "ఓరి గట్టివాడా! కొట్టని భేరితో నిజం కక్కించావు కదరా!" అని పగలబడి నవ్వి, చేతి కంకణం తీసి ఇవ్వబోయాడు.

"నాకెందుకు ప్రభూ? మీ మండపం స్తంభాలు ఇప్పించండి చాలు."

రాజు నవ్వు ఆగిపోయింది. "ఇచ్చాను," అన్నాడు. మొదటి స్తంభం మంత్రిగారి భుజం మీదే వచ్చింది.

దుంగలన్నీ నిలబెట్టిన రోజు జంగన్న ఒక్కడే తమ్ముడు పడినచోటికి వెళ్ళాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "ఒరేయ్ సింగా!" అని అరిచాడు.

గనంతా మారుమోగింది. కప్పు నుంచి ఒక్క మట్టిబెడ్డ రాలలేదు. రాళ్ళ కింద నుంచి జవాబూ రాలేదు.