‘పండింది’ అంటే పరుగెత్తిన ఉడుత

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగొడ్డున ఒక ఇప్పచెట్టు. ఆ ఇప్పచెట్టు తొర్రలో ఒక ఉడుతల కుటుంబం ఉండేది. ఏయ్, అటు చూడకండి, ఇటు చూడండి! నేను కథ చెబుతుంటే మీరు దిక్కులు చూస్తే నాకు చెప్పబుద్ధి కాదు. అయినా ఈ కథ దిక్కులు చూసేవాళ్ళ గురించే, కాబట్టి ఇవాళ్టికి వినండి.

తండ్రి ఉడుత పేరు పరుగయ్య. తల్లి పేరు పోగమ్మ. వాళ్ళకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దదాని తోక అచ్చం జడకుచ్చులా ఉండేది, అందుకని దాన్ని కుచ్చు అనేవాళ్ళు. చిన్నది పుట్టినప్పుడు మరీ ఇంత పిసరు ఉండేదట. దాంతో దానికి పిసరు అనే పేరే ఖాయమైపోయింది.

పరుగయ్య మంచివాడు. పిల్లల్ని పన్నెత్తి ఒక్క మాట అనేవాడు కాదు. పొద్దస్తమానం తిరిగి తిరిగి ఇంటికి తిండి తెచ్చేవాడు. కాకపోతే అతని ఒళ్ళు ఇంటికొచ్చేది గాని, మనసు వచ్చేది కాదు. కూర్చుంటే తునికి చెట్టు, పడుకుంటే నేరేడు చెట్టు. ఏ కొమ్మన ఏది పండబోతోందో, చిలకలు తనకంటే ముందు చూసేస్తాయేమో, ఎప్పుడూ ఇదే ధ్యాస.

“నాన్నా, నాన్నా! ఇవాళ నేను ఆ పైకొమ్మ మీంచి ఒక్క దూకు దూకాను!” అని పిసరు గొప్పగా చెప్పేది.

“ఊఁ. ఆ కొమ్మకి కాయలున్నాయా?” అనేవాడు పరుగయ్య.

పోగమ్మ కూడా తక్కువేం కాదు. చేత్తో పిల్లల ఒళ్ళు నిమురుతూనే ఉండేది, కళ్ళు మాత్రం తొర్రలో దాచిన గింజల మీద ఉండేవి. పురుగు పడుతుందేమో, తడుస్తుందేమో అని ఆమె దిగులు ఆమెది.

పిసరు మరీ చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. ఎటూ కదలడానికి లేక నలుగురూ తొర్రలో ఇరుక్కుని కూర్చున్నారు. ఆ రోజు నాన్న పిల్లలిద్దర్నీ తన తోకలో చుట్టుకుని బోలెడు కబుర్లు చెప్పాడు. ఏం చెప్పాడో పిసరుకి గుర్తులేదు. ఆ వెచ్చదనం మాత్రం గుర్తుంది. మళ్ళీ అలాంటి గాలివాన ఒకటి వస్తే బావుండునని పిచ్చిపిల్ల రోజూ ఆకాశం వైపు చూసేది.

ఆ ఉడుతల్లో ఒక ఆచారం ఉంది. ఎదిగిన పిల్ల, తొలివాన పడిన రోజునే వాగు దాటి వెళ్ళి అవతలి ఒడ్డున తన చెట్టు తాను చూసుకోవాలి. వాన ముదిరి వాగు పొంగిందంటే ఇక దాటడం ఎవరితరమూ కాదు. దాటినవాళ్ళు నీళ్ళు తగ్గేదాకా తిరిగి రాలేరు. ఈ ఏడు వెళ్ళాల్సింది కుచ్చు.

ఆ సంగతి తలుచుకుంటే పిసరుకి ముద్ద దిగేది కాదు. “అక్కా, నువ్వు వెళ్ళేలోగా మనం నలుగురం కూర్చుని ఒక్క ఆట ఆడాలే. మధ్యలో ఎవరూ లేవకూడదు. ఒక్కటంటే ఒక్క ఆట,” అంది.

“ఆడదాం లేవే,” అంది కుచ్చు. దానికీ అదే కోరిక. పెద్దది కదా, పైకి చెప్పలేదు, అంతే.

ఏం ఆటనుకున్నారు? అష్టాచెమ్మా! పశువులు కాసుకునే పిల్లలు చెట్టు కింద బండ మీద బొగ్గుతో గడులు గీసుకుని ఆడేవాళ్ళు. వాళ్ళు మరిచిపోయిన నాలుగు గవ్వలు అక్కడే ఉండిపోయాయి. కొమ్మ మీద కూర్చుని చూసి చూసి ఉడుతపిల్లలు ఆట నేర్చేసుకున్నాయి. గవ్వలు వెయ్యాలి. పడినన్ని గడులు కాయని నడపాలి. ఎదుటివాళ్ళ కాయ దొరికితే కొట్టాలి. చుట్టూ తిరిగి తిరిగి కాయ నడిమి గడిలోకి చేరిందంటే, అది పండినట్టు. అప్పుడు “పండింది!” అని గట్టిగా అరవాలి.

అదిగో, ఆ మాట దగ్గరే వచ్చింది తంటా.

మొదటి రోజు సాయంత్రం నలుగురూ బండ చుట్టూ కూర్చున్నారు. కాయలుగా కుచ్చు ఇప్పగింజలు పెట్టుకుంది, పిసరు గురివింద గింజలు పెట్టుకుంది. అమ్మకి రేగు గింజలు, నాన్నకి చింతపిక్కలు. ఆట మంచి ఊపు మీదుంది. కుచ్చుకి నాలుగు గవ్వలూ వెల్లకిలా పడ్డాయి. కాయ టకటకా నడిచి నడిమి గడిలో కూర్చుంది.

“పండింది!” అని అరిచింది కుచ్చు.

“ఎక్కడ? నేరేడా?” అంటూ పరుగయ్య ఒక్క గెంతు గెంతాడు. “నాన్నా, ఆటలోనే!” అని పిల్లలు అనేలోగా నాలుగు చెట్లు దాటేశాడు. చీకటి పడే వేళకి రొప్పుతూ తిరిగొచ్చి, “ఎక్కడే, అడవంతా వెతికాను, ఒక్క కాయ కూడా రంగు తిరగలేదు!” అన్నాడు. కుచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది. పోగమ్మ నవ్వింది. పిసరు కూడా నవ్వింది. తర్వాత ఆకు చాటుకి వెళ్ళి ఏడ్చింది.

మర్నాడు పిసరు ఒక ఉపాయం ఆలోచించింది. “ఇవాళ పండింది అనొద్దు. చేరింది అందాం,” అంది. అందరూ సరేనన్నారు. ఆట సాగింది. ఈసారి పిసరు కాయే ముందుగా నడిమి గడికి వచ్చింది.

“చేరింది!” అని కేకేసింది పిసరు.

“అయ్యో నా తల్లో! గింజల్లో పురుగు చేరిందా!” అంటూ పోగమ్మ లేచి తొర్రలోకి ఉరికింది. గింజలన్నీ బయటికి తోడి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది. ఇక ఆట ఎక్కడిది? పరుగయ్య కూడా లేచి తన దారిన తాను పోయాడు.

పిసరుకి ఒళ్ళు మండిపోయింది. గవ్వలు విసిరికొట్టింది. అవి వెళ్ళి బండ పక్కన పడుకున్న తాబేలు వీపు మీద ఠంగున పడ్డాయి. ఆ తాబేలుని అందరూ డిప్పవ్వ అనేవాళ్ళు. డిప్పవ్వ నెమ్మదిగా తల బయటపెట్టి, “ఎందుకే పిల్లా, నా మీద ఆ రాళ్ళ వాన?” అంది.

పిసరు అంతా చెప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “అక్క వెళ్ళిపోతుంది అవ్వా. ఒక్క ఆట కూడా అవ్వట్లేదు.”

“మాట మారిస్తే ఏం లాభమే పిచ్చిదానా? నువ్వు ఏ మాటన్నా వాళ్ళకి వాళ్ళ గోలే వినిపిస్తుంది,” అంది డిప్పవ్వ. “ఇలా చెయ్యండి. గవ్వలు వేసే ముందు గుప్పిట్లో పట్టుకుని, నిండా ఒక ఊపిరి తీసుకుని వదలండి. మనసు ఎక్కడుందో చూసుకోండి. ఇక్కడే ఉంటే ‘వచ్చాను’ అని గవ్వలు వెయ్యండి. ఇంకెక్కడో తిరుగుతుంటే ‘రాలేదు’ అనండి. అందులో తప్పేం లేదు. దాన్ని వెనక్కి పిల్చుకుని మళ్ళీ ఊపిరి తీసుకోండి. వచ్చాకే వెయ్యండి.”

ఆ మర్నాడు పొద్దున్నే మబ్బులు కమ్ముకున్నాయి. అడవిలో అందరికీ తెలిసిపోయింది, ఇవాళో రేపో తొలివాన. పిసరు అందర్నీ బతిమాలి బండ దగ్గర కూర్చోబెట్టి, డిప్పవ్వ చెప్పిన పద్ధతి చెప్పింది.

పోగమ్మ గవ్వలు తీసుకుంది. ఊపిరి తీసి వదిలింది. “రాలేదే,” అంది సిగ్గుపడుతూ. “గింజల దగ్గరే ఉంది.” అందరూ నవ్వారు. ఆమె మళ్ళీ ఊపిరి తీసుకుంది. కాసేపటికి, “ఆఁ, వచ్చాను,” అని గవ్వలు వేసింది.

పరుగయ్య వంతు వచ్చింది. “రాలేదు,” అన్నాడు. మళ్ళీ చూసుకుని, “అబ్బే, తునికి చెట్టెక్కి కూర్చుంది, దిగనంటోంది,” అన్నాడు. కుచ్చు తన తోకతో అతని వీపు మీద మెల్లగా రాసింది. పరుగయ్య కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి వదిలి, కళ్ళు తెరిచి, “వచ్చాను,” అన్నాడు.

నిజంగానే వచ్చాడు పిల్లలూ! ఏ కాయ ఎక్కడుందో చూశాడు. కుచ్చు కాయని కొట్టి, అది లబోదిబోమంటుంటే పకపకా నవ్వాడు. పోగమ్మ దొంగతనంగా ఒక గడి ఎక్కువ నడిపితే పట్టుకున్నాడు. ఇంతలో పిసరు కాయ నడిమి గడిలోకి వచ్చింది. పిసరు భయం భయంగా, గొంతు తగ్గించి, “పండింది,” అంది. పరుగయ్య లేవలేదు. “నీ కాయేనా? ఓసి గడుగ్గాయీ!” అని దాని బుగ్గ గిల్లాడు. పిసరుకి ఆనందంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలివాన లేకుండానే ఆ వెచ్చదనం వచ్చేసింది.

ఒక్కొక్కరివీ కాయలు పండుతున్నాయి. చివరికి నలుగురికీ ఒక్కో కాయే మిగిలింది. పరుగయ్య గవ్వలు గుప్పిట్లోకి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చిలకల గుంపు ఒకటి నెత్తి మీదుగా ఎగురుతూ పోయింది. “పండింది! పండింది! కొండ వెనక మామిడి పండింది!” అని ఒకటే గోల.

పరుగయ్య చెవులు నిక్కపొడుచుకున్నాయి.

“నాన్నా, ఆట అయ్యాక వెళ్దువుగాని,” అంది కుచ్చు.

“నీకోసమేనే తల్లీ! వాగు దాటి వెళ్ళే పిల్లని ఉత్త చేతులతో పంపిస్తానా? నువ్వు గుర్తుంచుకునే పండు తెస్తాను. ఇట్టే వస్తాను,” అన్నాడు పరుగయ్య.

“వస్తాను అంటే వెళ్ళడమే కదా నాన్నా! నువ్వు వచ్చాను అన్నావుగా!” అని పిసరు అతని తోక పట్టుకుంది. పరుగయ్య గవ్వలు కింద పెట్టాడు. ఒక్క క్షణం కుచ్చు ముఖం వైపు తిరిగాడు. తిరిగాడే గాని, అతని కళ్ళ ముందు అప్పటికే మామిడిపండు ఉంది. తోక విడిపించుకుని కొమ్మెక్కి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ బండ దగ్గరే కూర్చున్నారు. గవ్వలు ఎవరూ ముట్టుకోలేదు. టప్‌మని ఒక చినుకు బండ మీద పడింది. ఆ తర్వాత ఇంకొకటి. కాసేపటికి వాన దంచి కొట్టడం మొదలుపెట్టింది. గడుల బొగ్గు గీతలు కరిగి కారిపోయాయి. వాగులో నీళ్ళు ఎర్రబడ్డాయి. దాటడానికి అడ్డంగా పడివున్న మాను ఒక్కటే దారి, దాని మీదికి కూడా నీళ్ళు ఎగబాకుతున్నాయి.

“కాస్సేపు చూద్దాం. నాన్న వచ్చేస్తాడు,” అంది కుచ్చు.

చూశారు. ఇంకాస్సేపు చూశారు. చివరికి డిప్పవ్వే కసురుకుంది. “ఇక ఆగావంటే కొట్టుకుపోతావే తల్లీ. నడు!” అంది.

పోగమ్మ పెద్ద కూతుర్ని గుండెలకి హత్తుకుని భోరుమంది. కుచ్చు చెల్లెలి ముఖానికి ముఖం ఆనించింది. వెళ్తాను అనకూడదు కదా, అందుకని “వస్తానే పిసరూ,” అంది. మాను మీద అటు చివరిదాకా వెళ్ళి, ఆగి, కొండ వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆకుల్లో కలిసిపోయింది. మరి కాసేపటికి మాను కూడా మునిగిపోయింది.

పరుగయ్య వచ్చాడు. ముద్దగా తడిసిపోయి, నోట ఎర్రటి మామిడిపండు కరుచుకుని, ముఖమంతా వెలిగిపోతూ వచ్చాడు. “చూడవే కుచ్చూ!” అని పండు బండ మీద పెట్టాడు. చుట్టూ చూశాడు. వాగు హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

ఒడ్డుకి పరుగెత్తి, “కుచ్చూ! కుచ్చమ్మా!” అని గొంతు చించుకుని అరిచాడు. ఆ హోరులో అతని కేక అతనికే వినపడలేదు. చాలాసేపటికి వెనక్కి వచ్చి పిసరు ఎదురుగా చతికిలబడ్డాడు.

“అక్క ఏమందే?”

“ఏమీ అనలేదు నాన్నా. నీకోసం చూసింది. చాలాసేపు చూసింది.”

ఆ పండు ఎవరూ ముట్టుకోలేదు. పరుగయ్య తల దించుకుని కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తి పిసరు వైపు చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

“నీ చెవి పక్కన ఈ తెల్లమచ్చ ఎప్పుడొచ్చిందే?” అని అడిగాడు.

“పుట్టినప్పట్నుంచీ ఉంది నాన్నా.”

పరుగయ్య ఆ మచ్చని మెల్లగా తడిమాడు. “మీ అక్కకీ ఉందా?” అన్నాడు.

“అక్కకి చెవి పక్కన లేదు. ఎడమ కంటి కింద ఉంది. నవ్వితే దాక్కుంటుంది,” అంది పిసరు.

పరుగయ్య కళ్ళు మూసుకుని కుచ్చు ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు. తోక గుర్తొచ్చింది. గొంతు గుర్తొచ్చింది. కంటి కింద మచ్చ మాత్రం ఎంత తలుచుకున్నా రాలేదు. అతను వాగు వైపు తిరిగి, “నీళ్ళు తగ్గనీ. దాన్ని కళ్ళారా చూసుకుంటాను,” అన్నాడు ఏడుస్తూ.

పిసరు దగ్గరికి జరిగి, తన చిన్న చేతుల్తో అతని ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. “నీళ్ళు తగ్గేదాకా నన్ను చూడు నాన్నా,” అంది.

నీతి: మనవాళ్ళు మన ఎదుట కూర్చున్నప్పుడు ఒళ్ళు ఒక్కటే వాళ్ళ దగ్గరుంటే చాలదు, మనసు కూడా అక్కడే ఉండాలి. తర్వాత ఎంత మంచి పండు తెచ్చినా, అప్పుడు చూసుకోని ముఖానికి అది బదులు కాదు.